పిల్లలు చూసే గేమింగ్ వీడియో తగినదో కాదో తేల్చుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

"ఈ ఛానెల్ మా పిల్లలు చూడవచ్చా?" అని తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. పేరు చూసి అవునో కాదో చెప్పేయడం కుదరదు. ఒకే ఛానెల్‌లో నిన్న వచ్చిన వీడియో ఏడేళ్ల పిల్లకు హాయిగా సరిపోతుంది, ఇవాళ వచ్చినది పదమూడేళ్ల పిల్లవాడికి కూడా తగదు. అందుకే మంచి ఛానెళ్ల జాబితా ఇవ్వడం లేదు. ఏ వీడియోనైనా మీరే చూసి తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఆట వేరు, ఆ ఆట ఆడుతూ తీసిన వీడియో వేరు. తెర మీద కదిలే బొమ్మలను నిర్ణయించేది ఆట తయారుచేసినవాళ్లు. పిల్లల చెవిలో గంటల తరబడి పడేది మాత్రం ఆడుతున్న మనిషి గొంతు. ఆ గొంతు ఏం మాట్లాడుతోంది, ఓడిపోయినప్పుడు ఎలా మారుతోంది, పిల్లలను ఏం చేయమంటోంది అన్నవే అసలు ప్రశ్నలు.

## 1. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవలసినవి

కొత్త ఛానెల్‌ను మొదటిసారి పరిశీలించడానికి ముప్పై నలభై నిమిషాలు పడుతుంది. పిల్లలు పక్కన లేని సమయం చూసుకోండి. వాళ్లు పక్కనే ఉంటే తమకిష్టమైన వీడియోను సమర్థించుకునే పనిలో పడతారు, మీ దృష్టి వీడియో మీద నిలవదు.

- పిల్లల యూట్యూబ్ ప్రొఫైల్‌లో వీక్షణ చరిత్ర తెరిచి, ఈమధ్య ఏ ఛానెళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయో రాసుకోండి. పిల్లలు నోటితో చెప్పే పేర్లు, చరిత్రలో ఉన్న పేర్లు చాలాసార్లు ఒకటి కావు. అబద్ధం చెబుతారని కాదు, ఆటోప్లేలో, అంటే ఒకటి ముగియగానే దానంతటదే మొదలయ్యే వరుసలో వచ్చిన వాటి పేర్లు వాళ్లకే తెలియవు.
- పరిశీలన మీ సొంత ఖాతాలోనే చేయండి. పిల్లల ప్రొఫైల్‌లో మీరు తెరిచిన ప్రతి వీడియోను బట్టి అక్కడి సిఫారసులు మారిపోతాయి. తగినదో కాదో చూద్దామని మీరు తెరిచిన భయానక వీడియో రేపు అలాంటివే మరికొన్నిటిని పిల్లల ముందుకు తెస్తుంది.
- ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. నేపథ్యంలో వినిపించే పాటల మాటలు, పక్కనున్న ఆటగాడు గొణిగే బూతులు ఫోను స్పీకర్‌లో సరిగా వినబడవు.
- కాగితం, కలం దగ్గర ఉంచుకోండి. నిమిషం, సెకను రాసుకుంటే తర్వాత పిల్లలతో మాట్లాడేటప్పుడు "అదేదో బాగాలేదు" అని నసగనక్కర్లేదు.

కాగితం పైభాగంలో మీ పిల్లల గురించి నాలుగు ముక్కలు రాయండి: వయసు, దేనికి భయపడతారు, విన్న మాటలను ఎంత త్వరగా అనుకరిస్తారు, ఆటల్లో ఏదైనా కొనిపెట్టమని ఇప్పటికే అడుగుతున్నారా. పరిశీలన ముగిశాక తీర్పు చెప్పేటప్పుడు వయసు కంటే మిగతా మూడే ఎక్కువగా పనికొస్తాయి.

## 2. వీడియోలో ఉన్న ఆట ఏదో తెలుసుకోండి

ఆట పేరు శీర్షికలోనో వివరణలోనో ఉంటుంది. దాని వయో రేటింగ్ వెతకండి. ఉత్తర అమెరికాలో ఈఎస్ఆర్‌బీ, యూరప్‌లో పెగీ అనే సంస్థలు ఇచ్చే రేటింగులు ఎక్కడివారైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఫోన్ల యాప్ స్టోర్లలో ఆట పేజీలోనే వయసు కనిపిస్తుంది.

ఈఎస్ఆర్‌బీ ఇచ్చే ఇంగ్లిష్ అక్షరాలు ఇలా చదవాలి. 'ఈ' అంటే అందరికీ, 'ఈ 10+' అంటే పదేళ్లు దాటినవారికి, 'టీ' అంటే 13 దాటినవారికి, 'ఎమ్' అంటే 17 దాటినవారికి, 'ఏఓ' అంటే పెద్దలకు మాత్రమే. పెగీ నేరుగా 3, 7, 12, 16, 18 అనే అంకెలు ఇస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌కు ఈఎస్ఆర్‌బీ 'ఈ 10+', పెగీ 7 ఇచ్చాయి. ఫోర్ట్‌నైట్‌కు 'టీ', పెగీ 12. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5కు 'ఎమ్', పెగీ 18.

ఆట రేటింగ్ మీ పిల్లల వయసుకు మించి ఉంటే పని దాదాపు అక్కడితో అయిపోయినట్టే, ఆ వీడియో పక్కన పెట్టేయవచ్చు. రేటింగ్ వయసుకు తగ్గట్టే ఉంటే మాత్రం పని అప్పుడే మొదలైనట్టు. ఎందుకంటే రేటింగ్‌లోకి రానివి చాలా ఉన్నాయి.

ఆడుతున్న మనిషి మాటలకు రేటింగ్ ఉండదు. ఆన్‌లైన్‌లో ఆటగాళ్ల మధ్య జరిగే సంభాషణలు తమ రేటింగ్ పరిధిలోకి రావని ఈఎస్ఆర్‌బీయే చెబుతుంది. మాడ్‌లు, అంటే బయటివాళ్లు ఆటకు జోడించిన మార్పులు కూడా రేటింగ్‌లోకి రావు. మైన్‌క్రాఫ్ట్‌కే రక్తం, దయ్యాలు తెచ్చి అతికించిన మాడ్‌లున్నాయి. ఇక రోబ్లాక్స్ అసలు ఒక ఆట కాదు. దానిలో వినియోగదారులు తయారుచేసిన లెక్కలేనన్ని ఆటలుంటాయి. కాబట్టి "రోబ్లాక్స్ వీడియో" అన్నంత మాత్రాన ఏమీ తెలిసినట్టు కాదు, లోపలి ఆట పేరు తెలియాలి.

## 3. వీడియో ఏ రకానిదో గుర్తించండి

ఇది నిమిషం పని. రకం తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా చూడాలో తెలుస్తుంది.

- ఆడుతూ మాట్లాడేవి: మాటతీరు, కోపం.
- ఎలా ఆడాలో నేర్పేవి: సాధారణంగా ఇబ్బంది తక్కువ, కానీ లింకులు చూడాలి.
- ఆటలో అమ్మే అదృష్టపు పెట్టెలు తెరిచేవి, స్కిన్‌లు, అంటే ఆట పాత్రల వేషాలు కొనేవి: డబ్బు, జూదం రుచి.
- ఆట పాత్రలతో అల్లిన కథలు, యానిమేషన్లు: భయం, అసభ్యత. ఆటకు వీటితో పేరు తప్ప సంబంధం ఉండదు. అందుకే రేటింగ్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.
- సవాళ్లు, చిలిపి మోసాలు: పిల్లలు ఇంట్లో అనుకరించే ప్రమాదం.
- లైవ్ ప్రసారాలు: అపరిచితుల మాటలు. వీటి సంగతి 8వ విభాగంలో విడిగా చెబుతాను.

## 4. ప్లే నొక్కకముందే కనిపించే గుర్తులు

థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ చూడండి. రక్తం, సగం బట్టలతో పాత్రలు, భయంతో వికృతంగా తెరిచిన నోళ్లు, "ఉచితం" అనే ఎర్రటి అక్షరాలు ఉంటే ఆ ఛానెల్ దేనితో గాలం వేస్తోందో అర్థమవుతుంది. లోపల వీడియో మామూలుగానే ఉండవచ్చు. అయినా పక్కన వరుసగా కనిపించే ఆ బొమ్మలన్నీ పిల్లలు చూస్తూనే ఉంటారు కదా.

తర్వాత వివరణ పెట్టెను చివరిదాకా చదవండి. చాలామంది మొదటి రెండు వరుసల దగ్గరే ఆగిపోతారు. డిస్కార్డ్ ఆహ్వానాలు, ఇతర ఖాతాల లింకులు, డిస్కౌంట్ కోడ్‌లు కింద ఉంటాయి. ఆటగాళ్లు గుంపులుగా మాట్లాడుకునే డిస్కార్డ్, ఆటల లైవ్ ప్రసారాలు వచ్చే ట్విచ్ రెండింటికీ కనీస వయసు 13. చిన్నపిల్లల కోసమన్నట్టు కనిపించే ఛానెల్ వాళ్లను అక్కడికి రమ్మంటోందంటే, చూసేవారి వయసు గురించి ఆ ఛానెల్‌కు పట్టింపు లేదన్నమాట.

వ్యాఖ్యలు ఓ ఇరవై చదవండి. వాటిలో పిల్లలు తమ వయసు, బడి, ఆట ఖాతా పేరు రాస్తున్నారా? పెద్దవాళ్లు ద్వంద్వార్థాలతో మాట్లాడుతున్నారా? ఛానెల్ యజమాని వాటిని అలాగే వదిలేశారా?

ఇక్కడ ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. యూట్యూబ్‌లో కొన్ని వీడియోలకు వ్యాఖ్యలు, గంట గుర్తు ఉండవు. అవి 'పిల్లల కోసం తయారైనవి' అని గుర్తించినవి. 2020 జనవరి నుంచి ఏ వీడియో పిల్లల కోసమో, ఏది కాదో చెప్పవలసిన బాధ్యత ప్రధానంగా తీసినవారిదే. ఆ గుర్తింపు పిల్లల సమాచారం సేకరించకుండా, వాళ్లకు లక్షిత ప్రకటనలు చూపకుండా ఉండటానికి వచ్చిన ఏర్పాటు. వీడియో మంచిదని ఎవరో పరీక్షించి ఇచ్చిన ముద్ర కాదు.

## 5. మొత్తం చూడనక్కర్లేదు, చూడవలసిన చోట్లు చూడాలి

ఛానెల్‌కు మూడు వీడియోలు తీసుకోండి: అన్నిటికంటే కొత్తది, అన్నిటికంటే ఎక్కువమంది చూసినది, మీ పిల్లలు పదేపదే చూసినది. ఒక్కొక్కదానిలో ఈ వరుసలో చూడండి.

1. మొదటి రెండు నిమిషాలు. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే వీడియో మొదట్లో కొన్ని సెకన్లపాటు ఆ సంగతి చెప్పే చిన్న గుర్తు తెర మూలన కనిపిస్తుంది. తీసినవారు ఆ విషయం వెల్లడిస్తేనే అది వస్తుంది.
2. ఎక్కువమంది తిరిగి చూసిన చోటు. యూట్యూబ్‌లో ఎక్కువమంది చూసిన వీడియోల్లో కింది గీత మీద వేలు పెడితే కొండల్లా ఒక గ్రాఫ్ లేస్తుంది. దాని శిఖరం దగ్గరే వీడియోలోని అతి హాస్యమో, అతి భయమో, అతి అసభ్యమో ఉంటుంది.
3. ఆటగాడు ఓడిపోయే చోటు. ఒక్కటి కాదు, రెండు మూడు చూడండి.
4. చివరి రెండు నిమిషాలు. ఏం చేయమని అడుగుతున్నారో, తర్వాత ఏ వీడియోకు పంపుతున్నారో అక్కడ తెలుస్తుంది.

వేగం పెంచి చూడకండి. రెట్టింపు వేగంలో అందరి గొంతూ ఒకేలా హుషారుగా వినిపిస్తుంది. కోపం, వెటకారం పట్టుబడవు.

ఇంకో రెండు పనులు చేయండి. ఒక నిమిషం కళ్లు మూసుకుని వినండి, ఒక నిమిషం శబ్దం ఆపి చూడండి. బొమ్మల హడావిడిలో కొట్టుకుపోయిన మాటలు మొదటిదానిలో బయటపడతాయి, మాటల సందడిలో గమనించని దృశ్యాలు రెండోదానిలో.

బూతులు వెతకడానికి మంచి ఉపాయం ఒకటుంది. కంప్యూటర్‌లో వీడియో వివరణ కింద ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వీడియోలోని మాటలన్నీ రాతలో చూపించే మీట ఉంటుంది. ఆ భాషకు యంత్రం రాసిన క్యాప్షన్లు ఉంటే, అనుచితమని తోచిన మాట వచ్చిన చోట యూట్యూబ్ సాధారణంగా చదరపు బ్రాకెట్ల మధ్య ఖాళీ గీత పెడుతుంది. అరగంట వీడియోలో అలాంటి ఖాళీలు ఎన్ని ఉన్నాయో నిమిషంలో లెక్కపెట్టవచ్చు. యంత్రానికి పట్టుబడనివి మీ చెవికి దొరకాలి.

### ఒక వీడియోను ఇలా చదవాలి

ఊహకు ఒక ఇరవై ఐదు నిమిషాల వీడియో తీసుకుందాం. ఇద్దరు స్నేహితులు మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు కడుతున్నారు. పెగీ రేటింగు 7 కాబట్టి దానికి వంక పెట్టలేం, రక్తం లేదు, శీర్షిక ముద్దుగా ఉంది.

నాలుగో నిమిషంలో ఒకడు రెండోవాడి ఇంటికి నిప్పు పెడతాడు. రెండోవాడు "ఎందుకు చేశావురా, రెండు గంటలు కట్టాను" అంటాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. మొదటివాడు నవ్వుతాడు. ఆ నవ్వు మీద ఎడిటింగ్‌లో ఇంకా పెద్ద నవ్వుల శబ్దం అతికించారు, బాధపడుతున్నవాడి ముఖాన్ని దగ్గరగా లాగి చూపించారు. పదకొండో నిమిషంలో రెండోవాడు ప్రతీకారం తీర్చుకుంటూ "నువ్వు పుట్టకపోతే బాగుండేది" అంటాడు. మళ్లీ నవ్వులు. చివర్లో "మీ ఫ్రెండ్ ఇల్లు తగలబెట్టి వీడియో పంపండి, బాగున్నవి చూపిస్తాం" అని పిలుపు.

బూతు ఒక్కటి లేదు. ఏ వడపోతకూ ఈ వీడియో చిక్కదు. అయినా ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒంటరిగా చూడటానికి ఇది తగదని నా అభిప్రాయం. ఒకరి బాధను హాస్యంగా అమ్మి, ఆ పని మీరూ చేయండని అడిగారు. పన్నెండేళ్ల పిల్లతో కలిసి కూర్చుని చూసి, "ఆ నాలుగో నిమిషంలో రెండో అబ్బాయికి ఎలా అనిపించి ఉంటుంది?" అని అడగగలిగితే మాత్రం ఇదే వీడియో పనికొస్తుంది.

## 6. చూస్తున్నప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

మాట. ఒకటి రెండుసార్లు నోరు జారడం వేరు, ప్రతి ఓటమికీ తిట్టడం వేరు. బీప్ పెట్టారు కదా అని ఊరుకోకండి. బీప్ వెనుక ఏముందో పిల్లలు బడిలో అడిగి తెలుసుకుంటారు. ఎదుటి ఆటగాడి రంగు, ఒడ్డూపొడవు, వైకల్యం, ఆడ మగ తేడా మీద వెక్కిరింపులుంటే ఇక లెక్కపెట్టనక్కర్లేదు, అక్కడితో ఆపేయండి.

హింస. బొమ్మ బాణం తగిలి మాయమైపోవడం, మనిషిలాంటి పాత్ర రక్తం కక్కుతూ విలవిల్లాడటం ఒకటి కావు. హింస ఎంత నిజంగా కనిపిస్తోంది, దానికి ఫలితం ఏమైనా ఉందా, ఆడేవాడు దాన్ని ఆస్వాదిస్తూ పదేపదే చూపిస్తున్నాడా అన్నవి చూడండి.

భయం. ముద్దు బొమ్మల్లా కనిపించే పాత్రలున్న భయానక ఆటలు చిన్నపిల్లలను ఇట్టే ఆకర్షిస్తాయి. ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్‌లో ఎలుగుబంటి, కుందేలు బొమ్మలు చీకట్లో మీదికి దూకుతాయి. పాపీ ప్లేటైమ్‌లో నీలి బొచ్చు బొమ్మకు నోటి నిండా పళ్లు. బొమ్మ ముద్దుగా ఉంది కదా అని వీడియో పెట్టి ఇవ్వకండి, కనీసం పది నిమిషాలు చూడండి. ఉలిక్కిపడేలా చేసే దృశ్యాలకు ముందు సాధారణంగా శబ్దం తగ్గుతుంది, తర్వాత ఒక్కసారి పెద్ద అరుపు వస్తుంది.

మెరుపులు. తెర అంతా వేగంగా మెరిసే దృశ్యాలు కొందరు పిల్లల్లో మూర్ఛకు దారితీయవచ్చు. వెబ్ ప్రమాణాల్లో ఒక సెకనులో మూడు మెరుపులను హద్దుగా పెట్టుకున్నారు. ఇంట్లో ఆ సమస్య ఎవరికైనా ఉంటే ఇలాంటి ఎడిటింగ్ చేసే ఛానెళ్లను పూర్తిగా మానేయండి.

### డబ్బు సంగతి కాస్త నిదానంగా

తల్లిదండ్రులు బూతుల కోసం వెతుకుతారు, డబ్బు సంగతి వదిలేస్తారు. నా దృష్టిలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే.

సుమారు ఏడెనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన వెనుక ఉన్న ఉద్దేశం పట్టుబడదు. తమకిష్టమైన ఆటగాడు "ఈ స్కిన్ లేకుండా ఆడటం దండగ" అంటే అది స్నేహితుడి సలహాలాగే వినిపిస్తుంది. కొంచెం పెద్దవాళ్లకు ప్రకటన అని తెలిసినా, ఆ మనిషి మీద ఉన్న అభిమానం వల్ల అడ్డుచెప్పలేరు.

పెట్టెలు తెరిచే వీడియోలు మరీ జాగ్రత్తగా చూడండి. లూట్ బాక్స్ అంటే లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే పెట్టె. డబ్బుతో కొనే ఇలాంటి పెట్టెలు తమ జూద చట్టం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. కొనుగోలులో యాదృచ్ఛిక వస్తువులు ఉంటే ఆ మాట రేటింగ్ పక్కన చెప్పే పద్ధతిని ఈఎస్ఆర్‌బీ 2020లో మొదలుపెట్టింది. వీడియోలో యాభై పెట్టెలు తెరిచి అరుదైన వస్తువు దక్కిన క్షణాన్నే అరుపులతో చూపిస్తారు. ఖాళీగా పోయిన నలభై తొమ్మిదీ చకచకా దాటిపోతాయి. పిల్లల మనసులో మిగిలేది గెలుపు ఒక్కటే. ఆ డబ్బు ఛానెల్‌కు ఎవరిచ్చారో కూడా వాళ్లకు తెలియదు.

ఇక ఉచిత నాణేల మోసం. రోబ్లాక్స్‌లో వాడే డబ్బు రోబక్స్, ఫోర్ట్‌నైట్‌లో వాడేది వీ బక్స్. "రోబక్స్ ఉచితంగా", "వీ బక్స్ ఉచితంగా" అని చెప్పే వీడియో ఏదైనా సరే, తగనిదే. ఆ నాణేలను తయారుచేసి ఇచ్చే యంత్రాలు బయట ఎక్కడా లేవు. ముందు ఖాతా పేరు అడుగుతారు, తర్వాత "మీరు మనిషేనని నిరూపించుకోండి" అంటూ సర్వేలు నింపమంటారు, యాప్‌లు వేసుకోమంటారు. ఇంకో రకంలో బ్రౌజర్‌లో ఒక కోడ్ అతికించమనో, అక్కడ కనిపించే పొడవాటి అక్షరాల వరుసను కాపీ చేసి పంపమనో చెబుతారు. ఆ వరుస చేతికి చిక్కితే పాస్‌వర్డ్ లేకుండానే ఖాతాలోకి దూరిపోతారు.

డబ్బు పరీక్షకు ఈ జాబితా పక్కన పెట్టుకోండి:

- [ ] కొనమని నేరుగా చెప్పారా? ఎన్నిసార్లు?
- [ ] ప్రచారమైతే ఆ మాట పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారా?
- [ ] పెట్టెలు, చక్రాలు తిప్పి అదృష్టం పరీక్షించుకోవడం ఉందా?
- [ ] కొనలేనివాళ్లను చులకన చేశారా?
- [ ] ఉచితంగా ఏదో వస్తుందని బయటి లింకుకు పంపారా?
- [ ] అధికారిక స్టోరులో లేని యాప్ వేసుకోమన్నారా?

చివరి రెండిటిలో ఒక్కదానికి అవునని వచ్చినా ఛానెల్ మొత్తాన్ని తీసేయండి.

## 7. చిన్న వీడియోల వరుస

షార్ట్స్‌ను, అంటే వరుసగా వచ్చే చిన్న నిడివి వీడియోలను ఒక్కొక్కటిగా పరిశీలించడం సాధ్యం కాదు. ఏది వస్తుందో ముందు తెలియదు, వేలు కదిపితే చాలు ఛానెల్ మారిపోతుంది. అందుకే పదేళ్లలోపు వారికి ఆ వరుసను ఇవ్వకపోవడమే మంచిది. ఎంచుకున్న పొడవాటి వీడియోలు ఇవ్వండి.

## 8. లైవ్ ప్రసారాలు

ముందుగా చూసి ఎడిట్ చేసే అవకాశం లేనందువల్ల లైవ్‌కు వేరే కొలత ఉండాలి. ఆడేవాడు ఎంత మంచివాడైనా చాట్‌లో రాసేవాళ్లు ఎవరో తెలియదు. పైగా డబ్బు కట్టి పంపిన సందేశాలను కొన్ని ప్రసారాల్లో యంత్రం గట్టిగా చదివి వినిపిస్తుంది. అంటే ముక్కూ ముఖం తెలియని మనిషి రాసిన వాక్యం నేరుగా మీ పిల్లల చెవిలో పడుతుంది.

ఐదు నిమిషాలు చాట్ మాత్రమే చూడండి. చెడ్డ మాట వచ్చాక ఎంతసేపటికి తొలగించారు? చాట్‌ను అదుపులో పెట్టేవాళ్లు ఉన్నారా? డబ్బు పంపినవారి పేరు చదివి పొగుడుతున్నారా? ఈ చివరిది పిల్లలను బాగా లాగుతుంది. తమ పేరు ఆ నోట వినాలని పెద్దల కార్డు వాడేసే పిల్లలున్నారు.

పదమూడేళ్లలోపు వారికి లైవ్ వద్దు, ముగిశాక రికార్డింగ్ చూడవచ్చు అన్నది నేను సూచించే నియమం. రికార్డింగ్‌లో చాట్‌ను మూసేయండి.

## 9. తీర్పు చెప్పండి

కాగితం మీద మూడు గడులు గీయండి: ఒంటరిగా చూడవచ్చు, కలిసి చూడాలి, వద్దు. ప్రతి ఛానెల్‌ను ఏదో ఒక గడిలో వేయండి. "చూద్దాంలే" అనే నాలుగో గడి పెట్టకండి, అన్నీ అందులోకే పోతాయి.

వయసును బట్టి స్థూలంగా ఇలా అనుకోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు గేమింగ్ వీడియోలతో పనే లేదు. ఆరు నుంచి ఎనిమిదేళ్లవారికి మీరు ముందుగా చూసిన వీడియోలు మాత్రమే, ఛానెల్ మొత్తం కాదు. తొమ్మిది నుంచి పన్నెండేళ్లవారికి ఎంచుకున్న ఛానెళ్లు, అప్పుడప్పుడు కలిసి చూడటం. పదమూడు దాటాక నిషేధం కంటే సంభాషణే ఎక్కువ పనిచేస్తుంది. అయినా బెట్టింగ్, జూదం వీడియోల విషయంలో మెత్తబడకండి.

మొదట్లో కాగితం మీద రాసిన నాలుగు ముక్కలు ఇప్పుడు చూడండి. చీకటంటే భయపడే పదేళ్ల పిల్లకు ఏడేళ్ల రేటింగున్న ఆట వీడియో కూడా నిద్ర పట్టనివ్వకపోవచ్చు. అప్పుడు రేటింగ్‌ను పక్కన పెట్టి పిల్లను చూడండి.

## 10. నిర్ణయాన్ని పిల్లలకు చెప్పడం

"చెత్త వీడియో" అనకండి. ఇష్టపడ్డవాళ్లకు అది తమను అన్నట్టే ఉంటుంది. రాసుకున్న నిమిషం, సెకను చూపించి, ఏది నచ్చలేదో ఆ ఒక్కటే చెప్పండి. "పదకొండో నిమిషంలో అన్న మాట నువ్వు మీ స్నేహితుడితో అంటావా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

వద్దన్న ప్రతి ఛానెల్‌కు బదులుగా అదే ఆట మీద ఇంకొకటి వెతికి ఇవ్వండి. ఆటను ద్వేషించినట్టు కాకుండా ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఓపికగా కట్టడాలు కట్టి చూపించేవాళ్లు, ఆటలు ఎలా తయారవుతాయో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

## 11. సెట్టింగులు అమర్చండి

తీర్పు చెప్పాకే సెట్టింగుల దగ్గరికి రండి. ముందే అవి అమర్చితే పని అయిపోయిందనిపించి పరిశీలన మానేస్తాం.

- యూట్యూబ్ కిడ్స్‌లో నాలుగేళ్లు లేదా అంతకు తక్కువ, 5 నుంచి 8, 9 నుంచి 12 అనే మూడు వయసు విభాగాలున్నాయి. వీటికంటే గట్టిది, మీరు ఎంచిన వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపించే ఏర్పాటు. ఎనిమిదేళ్లలోపు వారికి అదే పెట్టండి. వెతికే సదుపాయం దానితోనే పోతుంది.
- మామూలు యూట్యూబ్‌లో తల్లిదండ్రుల పర్యవేక్షణ ఖాతాకు మూడు స్థాయులున్నాయి. మొదటిది సుమారు 9 ఏళ్లు పైబడినవారికి, రెండోది 13 పైబడినవారికి. మూడోదానిలో పెద్దలకు మాత్రమే అని గుర్తించినవి తప్ప దాదాపు అన్నీ వస్తాయి.
- ఆటోప్లే ఆపేయండి. మీరు సరేనన్న వీడియో తర్వాత వచ్చేదానికి మీ అనుమతి లేదు.
- నచ్చని ఛానెల్ వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఇకపై సిఫారసు చేయవద్దని చెప్పండి. కిడ్స్‌లోనూ పర్యవేక్షణ ఖాతాలోనూ ఛానెల్‌ను పూర్తిగా బ్లాక్ చేయవచ్చు.
- ఫోను, గేమింగ్ పరికరం రెండింటిలోనూ కొనుగోలుకు పాస్‌వర్డ్ పెట్టండి.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

ఒక్క వీడియో చూసి ఛానెల్‌కు సరే అనడం. మూడు చూడండి, కొత్తది తప్పక ఉండాలి.

భాష అర్థం కాని వీడియోను వదిలేయడం. పిల్లలు పరాయి భాషల వీడియోలు ఎన్నో చూస్తారు. క్యాప్షన్లకు అనువాదం పెట్టుకోండి. అదీ లేకపోతే గొంతు, ఎడిటింగ్, ఓటమి దృశ్యాలు చూసినా చాలావరకు తెలుస్తుంది. తెలియకపోతే 'కలిసి చూడాలి' గడిలో వేయండి.

సబ్‌స్క్రైబర్ల సంఖ్యను నమ్మడం. కోటిమంది చూశారన్నది అది మీ ఎనిమిదేళ్ల పిల్లకు తగినదని చెప్పే రుజువు కాదు.

పిల్లల ఫోనులో వడపోత పెట్టి, టీవీని మరచిపోవడం. ఇంట్లో ఏయే పరికరాల్లో ఏ ఖాతా తెరిచి ఉందో ఒకసారి రాసుకోండి. టీవీలో మీ ఖాతా తెరిచి ఉంటే మీ సిఫారసులే పిల్లల ముందుంటాయి.

అక్కకు సరేనన్నది తమ్ముడికీ సరిపోతుందనుకోవడం. ఒకే గదిలో ఇద్దరూ ఉంటే చిన్నవాడి కొలతే వాడండి. పెద్దమ్మాయికి ఇయర్‌ఫోన్లు ఇస్తే సరిపోదు, తెర ఇద్దరికీ కనిపిస్తుంది.

## 13. తగని వీడియో ఇప్పటికే చూసేసి ఉంటే

ముందు తిట్టకండి. తిడితే మరోసారి భయమేసినా మీతో చెప్పరు. ఏం చూశారో వాళ్ల మాటల్లోనే చెప్పనివ్వండి. భయపడి ఉంటే ఆ పాత్ర ఎలా తయారైందో, అరుపును ఎడిటింగ్‌లో ఎలా అతికిస్తారో పగటిపూట చూపించండి.

లింకు నొక్కి ఖాతా వివరాలు ఇచ్చేసి ఉంటే వెంటనే ఈ క్రమంలో చేయండి: ఆట ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి, పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, అదే పాస్‌వర్డ్ వాడిన ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, కొనుగోళ్ల చరిత్ర చూడండి. కొత్తగా యాప్ వేసి ఉంటే తీసేయండి.

తర్వాత వీక్షణ చరిత్రలోంచి ఆ వీడియోను తొలగించండి. అది అక్కడే ఉంటే అలాంటివే మళ్లీ వస్తాయి. వీడియోను రిపోర్ట్ చేయడం మరవకండి, కారణాల జాబితాలో పిల్లల భద్రత, మోసం వంటివి విడివిడిగా ఉంటాయి. సరైనది ఎంచుకోండి.

## 14. మళ్లీ ఎప్పుడు చూడాలి

సరేనన్న ఛానెల్‌ను నెలకొకసారి పది నిమిషాలు చూడండి, కొత్త వీడియో ఒక్కటి చాలు. ఈ కిందివాటిలో ఏది కనిపించినా నెల ఆగకుండా వెంటనే చూడండి:

- [ ] ఛానెల్ కొత్త ఆటకు మారింది
- [ ] కొత్త మనిషి వచ్చి చేరాడు
- [ ] లైవ్ ప్రసారాలు మొదలుపెట్టింది
- [ ] పిల్లలు కొత్త తిట్టు నేర్చుకున్నారు, లేదా ఏదో కొనమని కొత్తగా అడుగుతున్నారు
- [ ] మీరు గదిలోకి రాగానే శబ్దం తగ్గిస్తున్నారు, తెర తిప్పేస్తున్నారు

చివరిది కనిపిస్తే వీక్షణ చరిత్ర తెరిచే ముందు పక్కన కూర్చుని, ఏం చూస్తున్నారో అడగండి. చాలామంది పిల్లలు చెప్పేస్తారు.